ఒక మౌసు, రెండు తెరలు: నాలుగు ముక్కల మూలానికి వ్యాఖ్యానం

మూలం: మౌసు, కీబోర్డు తగిలించిన యంత్రం సర్వరు, తక్కినవి క్లయింట్లు. కర్సరు అంచు దాటితే మీటల నొక్కుడూ దాని వెంటే పోతుంది. కాపీ చేసిందీ పోతుంది. దారి లోకల్ నెట్‌వర్కు.

దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీలో ఒక డీటీపీ కొట్టు ఉందనుకుందాం. పాత డెస్క్‌టాపులో పేజ్‌మేకరు, అను ఫాంట్లు. శుభలేఖలు, కరపత్రాలు దానిమీదే. కొత్త ల్యాప్‌టాపులో ఓడ టిక్కెట్లు, ఆన్‌లైన్ దరఖాస్తులు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు, కాబట్టి తెలుగు శుభలేఖకు ఇక్కడ గిరాకీ ఉండటం వింతేమీ కాదు. కొట్లో మనిషి ఒక్కడే, బల్ల చిన్నది, దానిమీద రెండు కీబోర్డులు. రెండు కంప్యూటర్లనూ ఒకే మౌసు, కీబోర్డుతో నడిపించే ప్రోగ్రాము గురించిన ఆ మూలంలోని ముక్కల్ని ఈ బల్ల ముందు కూర్చునే విప్పుదాం.

సర్వరు, క్లయింటు. సర్వరు అనగానే ఎక్కడో చల్లటి గదిలో ఉండే పెద్ద యంత్రం గుర్తొస్తుంది. ఇక్కడ ఆ పెద్దరికమేమీ లేదు. మౌసు ఏ పెట్టెకు తగిలిస్తే అదే సర్వరు, అది పదేళ్ల పాతదైనా సరే. క్లయింటు దాని మాట వినే పెట్టె. మొదటిసారి పెట్టుకునేవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే: బలమైన యంత్రమే సర్వరు కావాలనుకుని ల్యాప్‌టాపును సర్వరు చేస్తారు, మౌసు మాత్రం డెస్క్‌టాపుకే ఉంటుంది. క్రిస్ షోన్‌మన్ 2001లో రాసిన సినర్జీ అనే ప్రోగ్రాము ఈ పేర్లనే వాడింది. దాన్నుంచి పుట్టిన బ్యారియర్, ఇన్‌పుట్ లీప్, డెస్క్‌ఫ్లో కూడా వాటినే వాడుతున్నాయి. మైక్రోసాఫ్ట్ ఉద్యోగి ట్రూంగ్ డో రాసిన మౌస్ వితౌట్ బోర్డర్స్ 2011లో వచ్చింది, ఇప్పుడు విండోస్ పవర్‌టాయ్స్‌లో భాగం. అది నాలుగు కంప్యూటర్ల దాకా కలుపుతుంది. యాపిల్ వాళ్లకు 2022 మార్చి నుంచి యూనివర్సల్ కంట్రోల్ ఉంది.

కర్సరు. తెర మీద కనబడే బాణం నిజానికి ఎక్కడికీ వెళ్లదు. సర్వరు తన బాణాన్ని దాచేస్తుంది, మౌసు ఇస్తున్న కదలికల్ని తన ప్రోగ్రాములకు అందకుండా మింగేస్తుంది, వాటిని అంకెలుగా మార్చి పక్క యంత్రానికి పంపుతుంది. అక్కడి ప్రోగ్రాము ఆ అంకెలు చదివి, నిజంగానే మౌసు కదిలినట్టు తన విండోస్‌ను నమ్మిస్తుంది. బొమ్మ మాత్రం దాటదు. ఏ తెర బొమ్మ ఆ తెరదే. అందుకే ఇది రిమోట్ డెస్క్‌టాప్ కాదు. అక్కడ దూరపు తెర మన తెరలోకి వస్తుంది, ఇక్కడ మన చెయ్యి దూరపు తెరకు పోతుంది. పంపేది చిటికెడు సమాచారం కనుక పాత యంత్రాలకూ బరువు అనిపించదు.

ఒక పక్కమాట. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌసును లోకానికి చూపినప్పుడే, మెన్లో పార్కులో ఉన్న సహోద్యోగి బిల్ పాక్స్‌టన్‌తో కలిసి ఒకే తెరను పంచుకున్నాడు. అంటే మౌసు తొలి ప్రదర్శనలోనే ఒక తెరకు ఇద్దరు మనుషులు. మన కొట్లో వ్యవహారం తిరగబడింది: ఒక మనిషికి రెండు తెరలు.

అంచు. ఏ తెర ఏ పక్కన ఉందో మనమే చెప్పాలి. ల్యాప్‌టాపు బల్ల మీద కుడివైపు ఉండగా సెట్టింగుల్లో ఎడమకు పెడితే కర్సరు గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోతుంది. రెండు తెరల కొలతలు వేరైనా ఇబ్బంది లేదు: 1080 గీతల తెరలో సగం ఎత్తున దాటితే 768 గీతల తెరలోనూ సగం ఎత్తునే తేలుతుంది. పేజ్‌మేకరులో కుడి చివర ఉన్న స్క్రోల్ బారు పట్టుకోబోతే కర్సరు జారి పక్క తెరకు పోవడం మాత్రం రోజూ ఉండే చికాకు. సినర్జీ వంశంలో స్క్రోల్ లాక్ మీట నొక్కితే కర్సరు ఉన్న తెరలోనే బందీ అవుతుంది. ఏళ్లుగా ఎవరూ ముట్టని ఆ మీటకు ఇన్నాళ్లకు పని దొరికింది.

మీటల నొక్కుడు. తెలుగువాళ్లకు అసలు చిక్కు ఇక్కడ. కె మీట నొక్కినప్పుడు పక్క యంత్రానికి పోవాల్సింది ఏమిటి? ఆ మీట నంబరా, లేక అది పుట్టించే అక్షరమా? ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో అదే మీట ‘క’ ఇస్తుంది, షిఫ్టుతో కలిపితే ‘ఖ’ ఇస్తుంది. మీట నంబరు పంపితే అక్షరం సంగతి అవతలి యంత్రంలో ఉన్న లేఔటే తేలుస్తుంది. అక్షరం పంపితే, అవతలి యంత్రం ఆ అక్షరమిచ్చే మీట తన దగ్గర ఉందేమో వెతుక్కోవాలి. అక్కడ తెలుగు లేఔటు పెట్టి ఉండకపోతే ‘క’ దొరకదు, తెర మీద ఏమీ పడదు. సినర్జీ వంశం ప్రధానంగా అక్షరాన్ని నమ్ముకుంటుంది. కాబట్టి రెండు యంత్రాల్లోనూ ఒకే లేఔట్లు పెట్టుకోవాలి. ఆ తర్వాత కూడా గుణింతాలు, ఒత్తులు ఒక పేరా కొట్టి చూసుకునే శుభలేఖ ఒప్పుకోవాలి. ‘క్ష’ పడిందంటే చాలావరకు దారిన పడ్డట్టే.

కాపీ చేసింది. ఒక తెరలో కంట్రోల్-సి, ఇంకో తెరలో కంట్రోల్-వి. నా మట్టుకు ఈ సదుపాయం ఒక్కటే మిగతావన్నీ కలిపినంత విలువైనది. వాట్సాప్‌లో వచ్చిన పెళ్లివారి పేర్లు ల్యాప్‌టాపులో తీసుకుని డెస్క్‌టాపులో అతికించొచ్చు. మౌస్ వితౌట్ బోర్డర్స్ అయితే 100 ఎంబీ లోపు ఫైలును కూడా మోస్తుంది. అయితే వాట్సాప్ తెలుగు యూనికోడ్. అను ఫాంట్ల అడుగున ఉన్నవి ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు, వాటిపైన తెలుగు బొమ్మ. అటు నుంచి ఇటు అతికిస్తే పిచ్చి గీతలు కనబడతాయి. తిట్లు తినేది మౌసు ప్రోగ్రాము, తప్పు మాత్రం దానిది కాదు. ఒకే కంప్యూటరులో అతికించినా అంతే. మధ్యలో కన్వర్టరు పెట్టుకోవాల్సిందే.

లోకల్ నెట్‌వర్కు. చెన్నై నుంచి దాదాపు 2300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబులు 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యే దాకా ఈ దీవుల నెట్టు ఉపగ్రహాల మీదే నడిచింది. ‘నెట్టు పోతే మౌసూ పోతుందా?’ అన్న అనుమానం ఇక్కడివాళ్లకు సహజం. పోదు. రెండు యంత్రాలూ ఒకే రూటరుకు కలిసి ఉంటే చాలు, ఆ రూటరుకు బయటి ప్రపంచంతో సంబంధం లేకపోయినా నడుస్తుంది. వైఫై కంటే లాన్ వైరు మేలు. వైఫై తడబడితే కర్సరు గంతులేస్తుంది. వచ్చిన వాళ్లందరికీ అదే వైఫై పాస్‌వర్డు చెప్పే కొట్టయితే ఎన్‌క్రిప్షన్ తప్పక ఆన్ చేయాలి. ఆ దారిలో పోయే మీటల్లో దరఖాస్తుదారుల పాస్‌వర్డులూ ఉంటాయి.

మూలంలో లేని సంగతి ఒకటి మిగిలింది. ఈ ప్రోగ్రాము విండోస్ లేచాకే లేస్తుంది. కరెంటు పోయి వచ్చి డెస్క్‌టాపు, విండోస్‌కు ముందు వచ్చే బయాస్ తెర దగ్గర ఎఫ్1 నొక్కమని ఆగిపోతే, ల్యాప్‌టాపు మీటలు దానికి వినబడవు. సర్వరు యంత్రమే ఆగితే క్లయింటుదీ అదే గతి. వైర్లతో కలిపే కేవీఎం స్విచ్చి పెట్టెకు ఆ బాధ లేదు, బయాస్‌లోనూ పనిచేస్తుంది. కానీ ఒకే తెరను బటన్ నొక్కి రెండు యంత్రాలకూ మార్చుకోవాలి, పక్కపక్కనే చూసుకునే సుఖం పోతుంది. ఈ కొట్టుకు నేను ప్రోగ్రామే చెబుతాను, పాత కీబోర్డు మాత్రం పారేయకుండా బల్ల సొరుగులో ఉంచుకోమంటాను.