ఒకే కస్టమర్, ఒకే రికార్డు: సీఆర్ఎం విజయానికి ఇదే పునాది

ఫోన్ చేసిన ప్రతిసారీ కస్టమర్ తన ఫిర్యాదును మొదటి నుంచి చెప్పుకోవాల్సి వస్తే, తప్పు ఫోన్ ఎత్తిన ఉద్యోగిది కాకపోవచ్చు. కంపెనీ దగ్గర ఆ వివరాలన్నీ ఒకచోట లేకపోవడమే తరచూ అసలు సమస్య. దాన్ని తీర్చడానికి వచ్చిందే కస్టమర్ రిలేషన్‌షిప్ మేనేజ్‌మెంట్, క్లుప్తంగా సీఆర్ఎం.

1993లో మొదలైన సీబెల్ సిస్టమ్స్ ఈ రంగంలో తొలి పెద్ద సంస్థల్లో ఒకటి. అప్పట్లో సాఫ్ట్‌వేర్‌ను కంపెనీలు తమ సొంత సర్వర్లలోనే పెట్టుకునేవి. 1999లో ఏర్పడిన సేల్స్‌ఫోర్స్ ఇంటర్నెట్ ద్వారా చందా పద్ధతిలో దాన్ని అందించింది. చెన్నై కేంద్రంగా ఉన్న జోహో కూడా ఇదే బాటలో నడిచింది. అయితే సాఫ్ట్‌వేర్ కొన్నంత మాత్రాన పని అయిపోదు. ముఖ్యంగా నాలుగు సామర్థ్యాలు ఉండాలి.

మొదటిది, రికార్డుల శుద్ధి. మన దగ్గర ఒకే వ్యక్తి పేరు ఒక బిల్లులో మొహమ్మద్ అని, మరో బిల్లులో ఎండీ అని ఉంటుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనుక వస్తుంది. పేరొక్కటే చూస్తే ఒక మనిషి ఇద్దరవుతాడు, లేదంటే ఇద్దరు ఒక్కరవుతారు. అందుకే ఫోన్ నంబర్, చిరునామా కూడా సరిపోల్చి, అనుమానం ఉన్నచోట మనిషే నిర్ణయించాలి.

రెండోది, అనుసంధానం. బిల్లింగ్, గోదాము, కాల్ సెంటర్, వాట్సాప్ సందేశాలు ఏపీఐల ద్వారా ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. లేకపోతే డబ్బు కట్టినవారికే మళ్లీ బాకీ నోటీసు వెళ్తుంది.

మూడోది, ఆటోమేషన్. ఫిర్యాదు రాగానే బాధ్యుడికి చేరాలి. గడువు దాటితే పై అధికారికి తెలియాలి.

నాలుగోది, భద్రత. ఎవరి పనికి ఎంత అవసరమో అంతే కనిపించాలి. ఎవరు ఏ రికార్డు చూశారో, ఏం మార్చారో నమోదు కావాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో తప్పులు సరిచేయించుకునే, వివరాలు తొలగించమని కోరే హక్కులు ఉన్నాయి. ఒకరి వివరాలు పది ఫైళ్లలో చెల్లాచెదురుగా ఉంటే వాటిని తొలగించేదెలా?

కంపెనీ ఏ బ్రాండ్ కొన్నదో కస్టమర్‌కు అక్కర్లేదు. రెండోసారి ఫోన్ చేసినప్పుడు తన మాట అవతలివాళ్లకు గుర్తుందా లేదా, అదే ఆయన చూసేది.