చక్ వ్యాగన్: చక్రాల మీద నడిచే వంటిల్లు

చక్ వ్యాగన్ అంటే గుర్రాలు లేదా కంచర గాడిదలు లాగే వంట బండి. 19వ శతాబ్దంలో అమెరికాలో పశువుల మందలను వందల మైళ్లు తోలుకెళ్లిన కౌబాయ్‌లకు అన్నం పెట్టింది ఇదే. ‘చక్’ అంటే అప్పటి వాడుకలో తిండి అని అర్థం.

ఎలా పుట్టింది?

1865లో అంతర్యుద్ధం ముగిసేసరికి టెక్సాస్‌లో పశువులు బోలెడున్నాయి, కొనేవాళ్లే తక్కువ. ఉత్తరాన, పడమరన మాంసానికి మంచి ధర పలికేది. 1866లో చార్లెస్ గుడ్‌నైట్, ఆలివర్ లవింగ్ కలిసి సుమారు 2,000 పశువులను న్యూ మెక్సికోలోని ఫోర్ట్ సమ్నర్‌కు తోలారు. దారిలో ఊళ్లు లేవు, అంగళ్లు లేవు. అందుకే గుడ్‌నైట్ సైన్యం వాడి వదిలేసిన ఒక బండిని కొని, వంటకు పనికొచ్చేలా మార్పించాడు. తర్వాత స్టూడ్‌బేకర్ లాంటి కంపెనీలు ఇలాంటి బండ్లను తయారుచేసి అమ్మాయి.

బండి అమరిక

వెనుక భాగంలో అరలు, సొరుగులున్న చెక్క పెట్టె ఉంటుంది. దాని తలుపు కిందికి దించి కాలు ఆనిస్తే అదే వంట బల్ల. పిండి, చిక్కుడు గింజలు, కాఫీ, ఎండు పళ్లు, మందులు అన్నీ అందులోనే. పక్కన నీళ్ల పీపా. అడుగున వేలాడే పచ్చితోలులో కట్టెలు, ఎండు పేడ వేసుకునేవారు. పైన గుడారం గుడ్డ.

ఇనుప పాత్ర కింద, మూత పైన నిప్పులు పోసి రొట్టె కాల్చేవారు. మన ఇళ్లలో బిర్యానీ దేగ్చా మూత మీద నిప్పులు పెట్టి దమ్ చేసే పద్ధతి లాంటిదే ఇదీ.

వంటవాడి పెత్తనం

వంటవాడే వైద్యుడు, క్షురకుడు కూడా. జీతం మామూలు కౌబాయ్ కంటే ఎక్కువ. దుమ్ము వంటలో పడకుండా గుర్రాలను బండికి దూరంగా ఆపాల్సిందే. రాత్రి పడుకునే ముందు బండి నొగను ధ్రువ నక్షత్రం వైపు తిప్పి పెట్టేవాడు. తెల్లారాక మబ్బు పట్టినా దిక్కు తెలిసేది.

ఇప్పుడు ఎక్కడుంది?

ముళ్లకంచెలు, రైళ్లు రావడంతో దూర ప్రయాణాలు ఆగిపోయాయి. అయినా పెద్ద పశుక్షేత్రాల్లో మందలను పోగుచేసే రోజుల్లో బండి అవసరం పోలేదు. 2005లో టెక్సాస్ దీన్ని రాష్ట్ర అధికారిక వాహనంగా ప్రకటించింది. లబ్బాక్ లాంటి చోట్ల పాత బండ్లతో వంట పోటీలు పెడతారు. మాంసం, గింజలు, రొట్టెతో పాటు బండి పాతదనానికీ మార్కులుంటాయి.

పాత బండిని కాపాడటం తేలిక కాదు. ఎండకు చెక్క కుదించుకుపోతే చక్రం చుట్టూ ఉన్న ఇనుప పట్టా వదులవుతుంది, నడుస్తుండగా ఊడిపోనూవచ్చు. అందుకే చక్రాలను అవిసె నూనెలో నానబెడతారు. ఏటా బయటికి తీసి వాడే బండిలో ఇలాంటి లోపాలు త్వరగా బయటపడతాయి, బాగుచేయడమూ సులువవుతుంది.

హలాల్ పాటించేవారికి

అమెరికాలో ఉంటూ ఇలాంటి వేడుకలకు వెళ్లే కుటుంబాలు ఒకటి గుర్తుంచుకోవాలి. పాత పద్ధతిలో గింజల్లో ఉప్పు పట్టించిన పంది మాంసం, రొట్టెలో పంది కొవ్వు వేసేవారు. ఇప్పటికీ చాలామంది అలాగే వండుతారు. మాంసం లేని వంటకమే కదా అనుకోకుండా, తినేముందు అడిగి తెలుసుకోవడం మంచిది.