పొట్ట బెల్టు

పొట్ట బెల్టు (ఉదర పట్టీ) అనగా పొట్టపై శస్త్రచికిత్స జరిగిన తరువాత, కోలుకునే కాలంలో నడుము చుట్టూ ధరించే సాగే గుణం గల బిగుతు వస్త్రం. సిజేరియన్, గర్భసంచి తొలగింపు, హెర్నియా వంటి శస్త్రచికిత్సల తరువాత కూడా దీనిని వాడుతారు. టమ్మీ టక్ అని వాడుకలో ఉన్న అబ్డామినోప్లాస్టీ తరువాత దీని వాడకం ఈ వ్యాసంలోని ముఖ్య విషయం.

నడికట్టు, బెల్టు

విజయనగరం జిల్లాలోని చీపురుపల్లి పరిసరాలలోనే గాక ఆంధ్ర దేశమంతటా బాలింత నడుముకు మెత్తని పాత నూలుచీరను మడిచి చుట్టే ఆచారం ఉన్నది. దీనిని నడికట్టు అంటారు. కట్టు కట్టినందువల్ల పొట్ట లోపలికి పోతుందని పెద్దల నమ్మకం. గర్భం పెరిగేటప్పుడు పొట్ట మధ్యన నిలువుగా ఉండే రెండు కండరాలు ఒకదానికొకటి ఎడమవుతాయి. ప్రసవం తరువాత చాలామందిలో అవి కొన్ని నెలలలో తిరిగి దగ్గరవుతాయి. కొందరిలో ఆ ఎడం మిగిలిపోయి, సాగిన చర్మం కిందికి వ్రేలాడుతుంది. కట్టు ఊతమిస్తుంది, నడుముకు హాయినిస్తుంది. కాని అది కండరాలను కలుపలేదు, కొవ్వును కరిగించలేదు.

శస్త్రచికిత్స తరువాత ధరించే బెల్టు చూపునకు నడికట్టు వంటిదే అయినా దాని పని వేరు. అప్పటికే కుట్టిన కండరాలకు, ఇంకా అతుక్కోని చర్మానికి అది ఆసరా మాత్రమే. ఈ తేడా తెలియకనే కొందరు బెల్టును ఎంత బిగిస్తే పొట్ట అంత తగ్గుతుందని భావిస్తారు. ఇబ్బందులు చాలావరకు ఇక్కడినుండే మొదలవుతాయి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం ప్రసవాలు సిజేరియన్ ద్వారా జరిగాయి. కనుక మందుల దుకాణాలలో ఈ బెల్టు ఇప్పుడు అందరూ ఎరిగిన వస్తువే. ఒకరు సిజేరియన్ తరువాత వాడిన బెల్టును మరొకరు టమ్మీ టక్ తరువాత వాడుకోవడం మాత్రం సరికాదు. కొలతలూ కలవవు, రబ్బరు బిగువూ అప్పటికి సడలి ఉంటుంది.

శస్త్రచికిత్స

పొట్టపై వ్రేలాడే చర్మాన్ని, కొవ్వును తొలగించే శస్త్రచికిత్సను 1899లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి వైద్యుడు హోవార్డ్ కెల్లీ చేశాడు. కోతను పొత్తికడుపు కిందిభాగానికి దించిన పద్ధతికి బ్రెజిల్ వైద్యుడు ఈవో పిటాంగీ 1967లో ప్రచురించిన వ్యాసం పేరు తెచ్చింది. నేటి పద్ధతిలో ఒక తుంటి నుండి మరొక తుంటి వరకు కోత పెట్టి, చర్మాన్ని పైకి లేపి, ఎడమైన కండరాలను దగ్గరకు తెచ్చి కుడతారు. అదనపు చర్మాన్ని కోసివేసి బొడ్డును కొత్త స్థానంలో అమరుస్తారు.

లేపిన చర్మానికి, కండరానికి మధ్య ఖాళీలో ద్రవం చేరవచ్చును. దీనిని సీరోమా అంటారు. ఈ శస్త్రచికిత్స తరువాత తరచుగా వచ్చే ఇబ్బంది ఇదే. ఆ ద్రవాన్ని బయటకు పంపడానికి కొన్నాళ్ళు సన్నని గొట్టాలు ఉంచుతారు. బెల్టు వాపును, నొప్పిని కొంత తగ్గించి దగ్గినప్పుడు, మంచం దిగేటప్పుడు ధైర్యాన్నిస్తుంది. అయితే అది సీరోమాను నివారిస్తుందనడానికి గట్టి రుజువులు లేవు. వైద్యుల సూచనలు ఒకరికొకరికి తేడాగా ఉండటానికి ఇదొక కారణం. సాధారణంగా స్నానం వేళ తప్ప రాత్రింబగళ్ళు 4 నుండి 6 వారాలు ధరించమంటారు.

బిగువు, స్పర్శ

మొదటి రోజులలో పడుకొనే విప్పి వేసుకొనదగిన వెడల్పాటి వెల్క్రో బెల్టు అనువైనది. వాపు తగ్గిన తరువాత హుక్కులు లేదా జిప్పు గల వస్త్రానికి మారుతారు. బెల్టు కింద రెండు వేళ్ళు సులువుగా దూరాలి. ఊపిరి నిండుగా తీసుకొనగలగాలి.

కోత తరువాత పొత్తికడుపు చర్మం కొన్ని నెలలపాటు మొద్దుబారి ఉంటుంది. బెల్టు మడతపడి చర్మాన్ని నొక్కుతున్నా రోగికి నొప్పి తెలియదు. కావున నొప్పి లేదు గదా అని ఊరుకోక, బెల్టు విప్పిన ప్రతిసారి వెలుతురులో చర్మాన్ని చూసుకోవాలి, లేదా ఇంట్లోవారిచేత చూపించుకోవాలి. బొడ్డు కింద, కోతకు పైన ఉన్న మధ్యభాగానికి రక్తప్రసరణ అతి తక్కువ. అక్కడ చర్మం పాలిపోయినా, నల్లబడినా, బొబ్బలు లేచినా బెల్టు వదులు చేసి వెంటనే వైద్యునికి చూపాలి.

పొగ తాగేవారిలో ఈ ప్రమాదం ఎక్కువ. నికోటిన్ సన్నని రక్తనాళాలను ముడుచుకొనేట్లు చేస్తుంది. ఉత్తరాంధ్రలో పెద్దవయసు స్త్రీలలో కనిపించే అడ్డపొగ (చుట్టను నిప్పు వైపు నోటిలో పెట్టుకొని కాల్చడం) కూడా ఇందులోకి వస్తుంది. ఇది లెక్కలోకి రాదనుకొని వైద్యునికి చెప్పకపోవడం ప్రమాదకరం.

అతిగా బిగించిన బెల్టు పొట్ట లోపలి ఒత్తిడిని పెంచి, కాళ్ళనుండి గుండెకు రక్తం తిరిగి చేరడాన్ని మందగింపజేస్తుంది. ఈ శస్త్రచికిత్స తరువాత కాలి సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ముందే ఉన్నది. ఒక పిక్క వాచి నొప్పిచేసినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేరాలి.

ప్రయాణం, వాతావరణం

చీపురుపల్లి వైపు వారికి ఇటువంటి చికిత్సలకు దగ్గరి పెద్ద నగరం విశాఖపట్నం. అక్కడ 1923లో ప్రారంభమైన కింగ్ జార్జి ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీ విభాగం కలదు. అందం కోసం చేయించుకొనే చికిత్సకు మాత్రం ఎన్.టి.ఆర్. వైద్య సేవ (పూర్వపు ఆరోగ్యశ్రీ) వర్తించదు. తిరుగు ప్రయాణం సుమారు 90 కిలోమీటర్లు. కారులో వచ్చేవారు మధ్యలో ఆగి కొద్దిగా నడవాలి. కూర్చున్నప్పుడు బెల్టు పైఅంచు పక్కటెముకల కింద, కింది అంచు గజ్జలలో ముడుచుకొంటుంది గనుక వెనుకకు వాలి కూర్చోవడం మేలు.

చీర కట్టేవారికి మరొక చిక్కు ఉన్నది. లంగా బొందు సరిగ్గా కోత గీతకు సమీపంలోనే పడుతుంది. బెల్టుపైన బొందు బిగిస్తే ఒత్తిడంతా ఆ సన్నని గీతపైన చేరుతుంది. మొదటి వారాలలో నైటీ వంటి వదులు దుస్తులే సౌకర్యం.

కోస్తాలో వేసవి ఉక్క వల్ల బెల్టు కింద చెమటకాయలు, తామర రావచ్చు. లోపల కుట్లు తగలని పలుచని నూలు బనియను వేసుకొని, రెండు బెల్టులను మార్చి మార్చి వాడాలి. ఉతికేటప్పుడు వెల్క్రోను మూసి, గోరువెచ్చని నీటిలో సబ్బుతో చేత్తో ఉతికి నీడన ఆరవేయాలి. ఎండ వేడికి, ఇస్త్రీకి సాగే గుణం చెడుతుంది. తడి ఆరని బెల్టును కోతపై ధరించరాదు.