దేశం నుండి పంపివేత: ఆంగ్ల పదాలు, వాటి అర్థభేదాలు

తడ, సత్యవేడు, నగరి, పుత్తూరు ప్రాంతాల నుండి విదేశాలకు వెళ్లేవారిలో అధికులకు చెన్నై విమానాశ్రయమే దగ్గరి దారి. తిరిగి వచ్చేవారు దిగేదీ అక్కడే. గడువు ముగిసి వచ్చినా, క్షమాభిక్షలో వచ్చినా, పోలీసులు పట్టి పంపినా, గ్రామాలలో అందరినీ "డిపోర్ట్ అయి వచ్చాడు" అనే ఒక్క మాటతోనే చెప్పుకుంటారు. తెలుగు పత్రికలు సైతం తరచు "దేశ బహిష్కరణ" అని వ్రాసి ఊరకుంటాయి. ఆంగ్లంలో ఈ సందర్భాలకు వేర్వేరు పదాలున్నాయి. పంపినది ఎవరు, కారణమేమి, తిరిగి వెళ్లవచ్చునా అనే మూడు ప్రశ్నలకు ఒక్కొక్క పదం ఒక్కొక్క విధంగా సమాధానమిస్తుంది. కాగితంపై ఏ పదమున్నదో తెలియకపోతే మరల వెళ్లే దారి మూసుకుపోయే ప్రమాదముంది.

డిపోర్టేషన్

లాటిన్ భాషలో దీని మూలార్థం "మోసుకొనిపోవుట". తమ పౌరుడు కాని వ్యక్తిని ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా దేశం దాటించడం డిపోర్టేషన్. ఇందుకు నేరం చేసి ఉండనక్కరలేదు. ఉండే హక్కు లేకపోవడమే చాలు. భారతదేశంలో ఈ అధికారం 1946 నాటి విదేశీయుల చట్టం కింద ఉండేది. 2025 సెప్టెంబరు 1 నుండి దాని స్థానంలో ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం–2025 అమలులోకి వచ్చింది.

రాజీవ్ గాంధీ హత్య కేసులో 2022 నవంబరులో సుప్రీంకోర్టు విడుదల చేసిన వారిలో నలుగురు శ్రీలంక పౌరులు. శిక్ష ముగిసినా భారతదేశంలో ఉండే హక్కు లేనందున వారిని తిరుచిరాపల్లి ప్రత్యేక శిబిరంలో ఉంచారు. స్వదేశం ప్రయాణ పత్రం ఇస్తేనే పంపడం సాధ్యం. వారిలో శాంతన్ స్వదేశ ప్రయాణానికి పత్రాలు సిద్ధమైన దశలో, 2024 ఫిబ్రవరి 28న చెన్నై ప్రభుత్వ ఆసుపత్రిలో మరణించాడు. మిగిలిన ముగ్గురు ఏప్రిల్ 3న చెన్నై నుండి కొలంబోకు వెళ్లారు.

ప్రవేశ నిరాకరణ

గడప దాటనివ్వకపోవడం వేరు, ఇంట్లో ఉన్నవారిని పంపివేయడం వేరు. 2010 ఏప్రిల్ 16 రాత్రి ప్రభాకరన్ తల్లి పార్వతి అమ్మాళ్ చికిత్స కోసం మలేసియా నుండి వీసాతో చెన్నై చేరారు. ఆమెను విమానం నుండి దిగనివ్వకుండా అదే విమానంలో వెనుకకు పంపారు. పలు పత్రికలు దీనిని డిపోర్టేషన్ అని వ్రాశాయి. కచ్చితంగా చెప్పాలంటే ఇది "రెఫ్యూజల్ ఆఫ్ ఎంట్రీ", అనగా ప్రవేశ నిరాకరణ.

రిమూవల్

"తొలగింపు" అని దీని సామాన్యార్థం. అమెరికా చట్టం పూర్వం ప్రవేశ నిరాకరణను, డిపోర్టేషన్‌ను వేరుగా చూసేది. 1996లో చేసిన చట్టం 1997 ఏప్రిల్ 1 నుండి రెండింటినీ రిమూవల్ అనే మాట కిందికి తెచ్చింది. 2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానంలో 104 మంది భారతీయులు అమృత్‌సర్ చేరినప్పుడు పత్రికలు వాడిన మాట డిపోర్టేషన్. ఆ దేశ చట్టంలోని మాట రిమూవల్. ఉత్తర్వు వెలువడక ముందే అనుమతి పొంది, గడువులోగా స్వంత ఖర్చుతో వెళ్లిపోతే అది "వాలంటరీ డిపార్చర్". అలా వెళ్లినవారిపై రిమూవల్ ఉత్తర్వు ఉండదు.

ఎక్స్‌పల్షన్

దీని మూలార్థం "బయటకు నెట్టుట". వ్యక్తుల కంటే సమూహాల విషయంలో ఈ మాట ఎక్కువగా వినబడుతుంది. 1972 ఆగస్టులో ఉగాండా పాలకుడు ఇదీ అమీన్ ఆసియా సంతతివారు 90 రోజులలో దేశం విడవాలని ఆదేశించడం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ.

రిపాట్రియేషన్

స్వదేశానికి చేర్చుట అని దీని అర్థం. వినుటకు మెత్తని మాటే కాని, దాని వెనుక బలవంతం దాగి ఉండవచ్చు. 1964 అక్టోబరు 30న శాస్త్రి, సిరిమావో బండారనాయకే చేసుకొన్న ఒప్పందం ప్రకారం సిలోన్‌లోని తోటల కార్మిక కుటుంబాలకు చెందిన 5,25,000 మందిని భారతదేశం స్వీకరించవలసి ఉంది. వారిలో ఎందరో పుట్టినది సిలోన్‌లోనే. బర్మాలో 1964లో వ్యాపారాలు జాతీయం కాగా, జీవనాధారం పోయిన తెలుగు, తమిళ కుటుంబాలు ఓడలలో మద్రాసుకు, విశాఖపట్నానికి చేరాయి. ప్రభుత్వ రికార్డులలో వీరందరూ "రిపాట్రియేట్లు". తమిళంలో "తాయగం తిరుంబియోర్", అనగా మాతృభూమికి మరలినవారు. 1969లో ఏర్పడిన చెన్నై బర్మా బజారు వారి జీవనోపాధికై వెలసినదే.

ఇష్టపూర్వకంగా జరిగితేనే రిపాట్రియేషన్ అనే పేరు తగును. 1992లో శ్రీలంక శరణార్థులను తిప్పి పంపుతున్నప్పుడు ఈ విషయం మద్రాసు హైకోర్టు ముందుకు వచ్చింది. అదే సంవత్సరం ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ చెన్నైలో కార్యాలయం తెరచి, వెళ్లేవారి ఇష్టాన్ని విచారించసాగింది. ప్రాణభయమున్న చోటికి బలవంతంగా త్రోసివేయుటను "రెఫూల్‌మాఁ" అనే ఫ్రెంచి పదంతో చెప్పి, అంతర్జాతీయ న్యాయం నిషేధిస్తుంది.

ఎక్స్‌ట్రడిషన్

నేరస్థుల అప్పగింత ఇది. విచారణకో శిక్షకో వేరొక దేశం కోరగా ఒక వ్యక్తిని ఆ దేశానికి అప్పగించడం. మన దేశంలో ఇందుకు 1962 నాటి చట్టం ఉంది. డిపోర్టేషన్‌లో పంపే దేశానిదే నిర్ణయం. ఇక్కడ వేరొక దేశపు కోరిక తప్పనిసరి. హాన్స్ ముల్లర్ కేసులో 1955లోనే సుప్రీంకోర్టు విదేశీయుని వెళ్లగొట్టడం వేరు, అప్పగించడం వేరు అని స్పష్టం చేసింది.

ఎక్సైల్

ప్రవాసం, దేశాంతరవాసం అని అనవచ్చు. పంపే చర్య కంటే, స్వదేశానికి దూరంగా గడపవలసిన బ్రతుకును ఈ మాట సూచిస్తుంది. తెలుగు మూలాలు గల నాయక్కర్ వంశానికి చెందిన కండి చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుని 1815లో ఆంగ్లేయులు పదవీచ్యుతుని చేసి, మరుసటి సంవత్సరం వెల్లూరు కోటకు చేర్చారు. అతడు 1832లో అక్కడే మరణించాడు. పాలారు ఒడ్డున ముత్తు మండపం అతని స్మారకం. ఉత్తర్వు లేకున్నా ఎక్సైల్ సంభవమే: అరెస్టు భయంతో 1908లో మద్రాసు విడిచిన కవి సుబ్రహ్మణ్య భారతి 1918 వరకు ఫ్రెంచి పాలనలోని పుదుచ్చేరిలో ఉన్నాడు.

కాగితంపై చూడవలసినవి

2018లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు, గడువులోగా జరిమానా లేకుండా స్వయంగా వెళ్లినవారు మరల రావచ్చునని, గడువు దాటి పట్టుబడినవారికి ఆ అవకాశం ఉండదని తెలిపింది. ఇద్దరూ దిగేది ఒకే విమానాశ్రయంలో. తేడా అంతా కాగితంలోనే. "అవుట్‌పాస్" అనేది పాస్‌పోర్టు లేనివారికి మన రాయబార కార్యాలయం ఇచ్చే ఒకవైపు ప్రయాణ పత్రం మాత్రమే. అది చేతిలో ఉన్నంత మాత్రాన డిపోర్ట్ అయినట్లు కాదు.

తిరిగి వచ్చినవారు ఉత్తర్వు ప్రతిని, ముద్ర పడిన పుటను, విమాన టికెట్టును భద్రపరచుకోవాలి. బ్రిటన్ వంటి దేశాల వీసా దరఖాస్తు ప్రవేశ నిరాకరణ, డిపోర్టేషన్, రిమూవల్ గురించి విడివిడిగా అడుగుతుంది. ఒకదానికి బదులు వేరొకటి వ్రాస్తే అసత్యం చెప్పినట్లు భావించి దరఖాస్తును త్రోసిపుచ్చవచ్చు. కనుక ఏజెంటు చెప్పిన మాటను గాక, ఉత్తర్వులో ఉన్న మాటనే చూచి నింపడం క్షేమం.