దక్షిణ ప్రాంత విద్యుత్ గ్రిడ్ విస్తరణ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు, కేరళ, పుదుచ్చేరిలను కలిపే హై టెన్షన్ లైన్లు, సబ్‌స్టేషన్ల వ్యవస్థే దక్షిణ ప్రాంత గ్రిడ్. దీని చరిత్ర చెప్పేవారు సాధారణంగా మాచ్‌ఖండ్, శ్రీశైలం, రామగుండం అంటూ విద్యుత్ కేంద్రాల పేర్లు వల్లించుకుపోతారు. లైన్ల ఊసు ఎక్కడో చివర్న వస్తుంది. కానీ ఈ ప్రాంతం ఏళ్ల తరబడి పడ్డ కరెంటు కష్టాలకు ఉత్పత్తి చాలకపోవడం ఒక్కటే కారణం కాదు. వేరేచోట మిగిలిన కరెంటు ఇక్కడికి వచ్చే దారి లేకపోవడమూ పెద్ద కారణమే.

మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. అప్పట్లో 132 కేవీ లైనే గొప్ప. 1983లో రామగుండంలో ఎన్టీపీసీ ఉత్పత్తి ప్రారంభమై, ఆ కరెంటును పలు రాష్ట్రాలు పంచుకోవాల్సి వచ్చేసరికి 400 కేవీ లైన్లు అవసరమయ్యాయి. అంతే విద్యుత్తును రెట్టింపు ఓల్టేజీతో పంపితే తీగలో కరెంటు సగమవుతుంది, వేడిగా పోయే నష్టం నాలుగో వంతుకు దిగుతుంది. అయితే ఈ లాభం పొలం దాకా రావాలంటే కింది లైన్లూ బాగుపడాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి వంతులవారీగా కరెంటిచ్చేవారు. ఏ అర్ధరాత్రో వచ్చే కరెంటు కోసం బావి దగ్గర కాపలా పడుకోలేక రైతులు మోటార్లకు ఆటోస్టార్టర్లు బిగించుకున్నారు. సరఫరా రాగానే ఫీడరు మీది మోటార్లన్నీ ఒక్కసారే లేచేవి. ఓల్టేజీ పడిపోయి, కొన్ని తిరగకుండానే గుయ్యిమంటూ వైండింగ్ కాలిపోయేది. పెద్ద లైన్ల గొప్ప చెప్పేటప్పుడు ఈ 11 కేవీ ఫీడరును మరిచిపోవడం పరిపాటి.

పొరుగు ప్రాంతాలతో దక్షిణాది బంధం చాలాకాలం డీసీ లింకుల మీదే నడిచింది. చంద్రపూర్ దగ్గర భద్రావతి, విశాఖలో గాజువాక, 2003లో 2,000 మెగావాట్ల తాల్చేర్–కోలార్ లైను వాటిలో ముఖ్యమైనవి. డీసీ లింకు చెరువు తూము లాంటిది. ఎంత తెరిస్తే అంతే వస్తుంది, అవతల గట్టు తెగినా ఇవతల మునగదు. కృష్ణా–గోదావరి బేసిన్ గ్యాస్ తగ్గిపోయిన 2012–13లో ఈ తూములు చాలలేదు. పరిశ్రమలకు పవర్ హాలిడేలు ప్రకటించారు. ఆ రోజుల్లోనే పవర్ ఎక్స్ఛేంజీలో దక్షిణాది ధర మిగతా దేశం ధర నుంచి విడిపోయి పైకెక్కింది. దేశంలోనే కరెంటు లేకపోతే ధర అంతటా పెరగాలి. ఒక్క దిక్కునే పెరిగిందంటే అడ్డం దారిలోనే ఉందన్నమాట.

2013 డిసెంబరు 31 రాత్రి, సుమారు 200 కిలోమీటర్ల రాయచూరు–సోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. ఇరువైపులా ఫ్రీక్వెన్సీ, ఓల్టేజీ, ఫేజు సరిపోయే క్షణం చూసి బ్రేకర్ వేయాలి. ఆ తర్వాత దేశమంతటికీ ఒకటే ఫ్రీక్వెన్సీ. దీనికి ఒక గట్టి ఆక్షేపణ ఉంది. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలి కోట్లాది మంది చీకట్లో ఉన్నప్పుడు, విడిగా ఉన్నందుకే కదా దక్షిణాది బయటపడింది? నిజమే. కానీ విడిగా ఉన్న చిన్న గ్రిడ్‌లో ఒక పెద్ద యూనిట్ ట్రిప్పయితే ఫ్రీక్వెన్సీ లోతుగా పడుతుంది. పెద్ద గ్రిడ్‌లో అదే దెబ్బను అన్ని కేంద్రాలూ తలా కొంత మోస్తాయి. ఎప్పుడో వచ్చే ముప్పు తప్పించుకోవడానికి రోజువారీ కొరతను భరించడం లాభసాటి బేరం కాదు. ఆ ఆక్షేపణ నేర్పే పాఠం వేరు: కలిస్తే గట్టిగా కలవాలి. తొలినాళ్లలో రెండు భారీ గ్రిడ్ల మధ్య ఒక్క లైనే ఉండటంతో ప్రవాహం ఊగిసలాడేది, ఎక్కువ పంపే ధైర్యం ఉండేది కాదు. 2014లో రెండో సర్క్యూట్, ఆ తర్వాత వార్ధా–నిజామాబాద్–హైదరాబాద్, అంగుల్–శ్రీకాకుళం–వేమగిరి లైన్లు వచ్చాకే ఆ బంధం బలపడింది. తెలంగాణ 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల సరఫరా మొదలుపెట్టగలగడంలో ఇలా బయటి నుంచి తెచ్చుకునే వీలుకూ భాగముంది.

ఇన్ని లైన్లు ఎందుకు, ఖాళీగా పడున్నా ఖర్చు బిల్లులో పడుతుంది కదా అన్నది మరో ఆక్షేపణ. 6,000 మెగావాట్ల రాయ్‌గఢ్–పుగళూరు డీసీ లైనును తలపెట్టింది ఛత్తీస్‌గఢ్ బొగ్గు కరెంటును తమిళనాడుకు తేవడానికి. అది సిద్ధమయ్యేనాటికి కర్నూలు, పావగడ సోలార్ పార్కులు, తమిళనాడు గాలిమరలు లెక్క మార్చేశాయి. ఆ లైను వృథా అయిందా అంటే, కాలేదు. దాన్ని రెండు దిక్కులా నడపొచ్చు, గాలి బలంగా వీచే నెలల్లో దక్షిణాది మిగులు ఉత్తరానికి పోవడానికీ పనికొస్తుంది. అసలు జవాబు దొరకని ఖర్చు వేరే ఉంది, అది ఏ బిల్లులోనూ కనిపించదు: పొలంలో టవరు పడ్డ రైతు భరించే నష్టం. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అధికారాలతోనే ఈనాటికీ పొలాల్లో టవర్లు వేస్తున్నారు. టవరు కాళ్ల కింది నేలకు భూమి విలువలో 85 శాతం పరిహారమని 2015లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది, 2024లో దాన్ని 200 శాతానికి పెంచింది. రాష్ట్రాల సొంత లైన్ల విషయంలో మాత్రం, రాష్ట్రాలు వాటిని ఒప్పుకుంటేనే ఆ డబ్బు రైతు చేతికి వస్తుంది.