మాటచే మేల్కొను యంత్రములు



గడచిన వేసవిలో నా పూర్వశిష్యుఁడొకఁడు సెలవు పెట్టి స్వగ్రామమునకు వచ్చి, నన్నుఁ జూచిపోవ మా యింటికి వచ్చెను. హైదరాబాదులో నొక కంపెనీయం దుద్యోగము చేయుచున్నాఁడు. "నీవు చేయు పని యేమి నాయనా?" యని యడిగితిని. "చెప్పడం కంటె చూపించడమే తేలిక మాస్టారూ" అని సంచిలోని లాప్‌టాపు తీసి, మా వీధియరుగుపైఁ గూర్చుండి, పదునైదు పంక్తులు వ్రాసి మీట నొక్కెను. రెండు మూఁడు నిమిషములు గడవకమునుపే హైదరాబాదు ప్రాంతమున నెచ్చటనో యొక భవనములో రెండు కంప్యూటరులు మేల్కొని, వాఁ డిచ్చిన చిన్న ప్రోగ్రామును నడుప నారంభించినవి. ఆ భవనమును వాఁ డెన్నఁడును జూచి యెఱుఁగఁడు. ఆ యంత్రములను వాఁడుగాని, వాని కంపెనీ వారుగాని కొన్నది లేదు. వాడుకొన్న కాలమునకు బాడుగ యిత్తురు, అంతియే.

ఆ స్థానమునకు అమెజాన్ సంస్థవా రుంచిన సంకేతనామము 'ఏపీ-సౌత్-2'. ఏపీ యనఁగా మన ఆంధ్రప్రదేశమే కాఁబోలునని నేను మురిసితిని. కాదఁట, ఆసియా పసిఫిక్ అఁట! 2022 నవంబరులో నా స్థానము తెఱవఁబడినది.

ఇట్లు దూరముననున్న యంత్రములపై ప్రోగ్రాములను నెలకొల్పుటను వారు డిప్లాయ్‌మెంటు అందురు. సేనను మోహరించుటకు వాడు మాట యది. పూర్వ మీ పని చేతులతోఁ జేయునదిగా నుండెను. నేఁడది వ్రాఁతతోఁ జేయునది యైనది. ఈ మార్పు ఎట్లు వచ్చెనో, దానివలన లాభ మేమో, భయ మేమో నాకుఁ దెలిసినంతవఱకు మనవి చేసెదను.

ముందుగా క్లౌడు అను మాటను గూర్చి రెండు ముక్కలు. క్లౌడనఁగా మేఘము. ఇంజనీరులు పటములు గీయునపుడు, లోపలి వివర మక్కఱలేని దూరపుఁ దంత్రీజాలమును మేఘాకారముగా గీచి విడిచెడివారు. ఆ బొమ్మయే పేరైనది. కాళిదాసుని యక్షుఁడును మేఘమునకే పని యొప్పగించెను గాని, అతఁడు ప్రార్థించెను. మనవా రాజ్ఞాపించుచున్నారు. ఈ భేదమును మనసున నుంచుకొనుఁడు.

కంప్యూటరు శక్తిని టెలిఫోనువలె నందఱకుఁ బంచిపెట్టు సార్వజనిక సేవగా నేర్పఱుపవచ్చునని జాన్ మెకార్తీ అను పండితుఁడు 1961లోనే అమెరికాలోని ఎం.ఐ.టి. శతవార్షికోత్సవమునఁ బలికెను. ఒక్క యంత్రమే పలువురికిఁ బలుయంత్రములుగాఁ దోఁచునట్లు చేయు విద్యను ఐ.బి.ఎం. వారు 1972లో వి.ఎం./370 అను పేరిట వెలువరించిరి. మా యరుగుమీఁద మేల్కొలుపఁబడిన రెండు యంత్రములు నిట్టివియే. నిజముగా వేఱువేఱు పెట్టెలు గావు, పెద్ద యంత్రమునందలి వాటాలు. అయినను చాలకాలమువఱకు సామాన్యమైన కంపెనీకిఁ గ్రొత్త సర్వరు కావలసినచో, దానిని గొనవలెను, పెట్టె విప్పవలెను, చట్రమునఁ బిగింపవలెను, తీఁగెలు కలుపవలెను, ప్రోగ్రాములను స్వహస్తములతో నెక్కింపవలెను. వారములు పట్టుచుండెను.

2006వ సంవత్సర మిందు మలుపు. ఆ యేఁడు మార్చి 14వ తేదీన అమెజాన్ వారు ఎస్3 అను నిక్షేపశాలను, ఆగస్టు 25వ తేదీన ఈసీ2 అను యంత్రపు బాడుగను బ్రారంభించిరి. ఈ రెండవదానిని నిర్మించిన జట్టు దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌనులోఁ బనిచేసినది. ఒక యంత్రమునకు గంటకు పది సెంట్లు. ఆ బాడుగకు దొరకిన దెంత యన, 1.75 గిగాబైట్ల జ్ఞాపకశక్తి, 160 గిగాబైట్ల డిస్కు.

అందఱును ధరను మెచ్చుకొనిరి. నా కంతకంటె నింకొకటి ముఖ్యముగాఁ దోఁచుచున్నది. ఆ యంత్రమును బొందుటకు మనుష్యుని నడుగఁ బనిలేదు. నియతమైన మాటలతో, నియతమైన క్రమమున నొక విన్నపము ఇంటర్నెట్టుద్వారాఁ బంపినఁ జాలును. ఆవలినుండి యంత్రమే యాలకించి యంత్రమునే యిచ్చును. ఇట్టి పలుకుబడి నియమములనే ఏపీఐ అందురు. ఏ మాట కేమి ఫలమో ముందుగా నిర్ణయింపఁబడిన ద్వారమది.

ఆ విన్నపములు పొడవైనవి, సంతకపు ముద్రలతోఁ గూడినవి. చేతితో వ్రాయుట దుర్భరము. కావునఁ బైథాన్ భాషలో మిచ్ గార్నాట్ అను నాయన యొక గ్రంథాలయమును గూర్చెను. దాని పేరు బోటో. అమెజాన్ నదిలో నీఁదులాడు ఒక జాతి డాల్ఫినుకు అచ్చటివారి పేరది. అమెజాన్ సంస్థను సూచించునట్లు ఆ పేరిడఁబడెను. పైథాన్ అనఁగాఁ గొండచిలువ గదా, డాల్ఫినుతో దీని కేమి సంబంధమని నే నడిగితిని. ఆ పేరును బాముది గాదఁట. 1991లో భాషను బ్రకటించిన గ్విడో వాన్ రోసమ్ తనకిష్టమైన ఇంగ్లీషు హాస్యనాటక బృందము పేరును దాని కిడెను. ఇప్పుడు వాడుకలోనున్నది 2015లో వెలువడిన బోటో3. గూగులువారు 2008లో యాప్ ఇంజినును దెఱచినపుడు మొట్టమొదట నంగీకరించినదియుఁ బైథాన్ నొక్కదానినే. 2007లో హీరోకూ అను సంస్థ రూబీ భాషకు నిట్టి సదుపాయమును గల్పించెను. తక్కినవాని చరిత్ర యిచ్చట విప్పను.

చేతిపనికిని వ్రాఁతపనికిని గల భేదము తెలియవలెనన్న 2012 ఆగస్టు 1వ తేదీని స్మరింపవలెను. న్యూజెర్సీలోని నైట్ కాపిటల్ అను సంస్థ అమెరికా షేరుబజారులో గొప్ప వ్యాపారి. వారివి బాడుగ యంత్రములు గావు, సొంతమువే. ఆ దినమునుండి బజారులో నొక క్రొత్త పద్ధతి ప్రారంభము గానుండఁగా, అందులకుఁ దగిన క్రొత్త ప్రోగ్రామును తమ యెనిమిది సర్వరులపై నెక్కింపవలసివచ్చెను. జులై 27వ తేదీనుండి కొంచెము కొంచెముగా ఎక్కించిరి. పనివాఁడు ఏడింటిపై నెక్కించి యెనిమిదవదానిని మఱచెను. ఆ యెనిమిదవదానిలో 2003లోనే విడిచిపెట్టిన పాత ప్రోగ్రామొకటి తుడువఁబడక నిదురించుచుండెను. క్రొత్త ప్రోగ్రామును మేల్కొలుపుట కేర్పఱిచిన సంకేతము పూర్వ మా పాతదానిని మేల్కొలిపెడి సంకేతమే! బజారు తెఱవఁగనే ఏడు యంత్రములు క్రొత్త పాఠమును, ఎనిమిదవది పాత పాఠమును జదువ నారంభించెను. వచ్చిన యాజ్ఞ నెఱవేఱినదో లేదో తెలిసికొను శక్తి యా పాతదానికి లేదు. కావున ఆగక కొనుచు నమ్ముచుఁ బోయెను. 212 ఆజ్ఞలకు బదులు నలువదియైదు నిమిషములలో 40 లక్షల పైచిలుకు లావాదేవీలు, 154 కంపెనీల షేర్లు. నష్టము 46 కోట్ల డాలర్లకు మించినది.

ఇందు నన్ను మిక్కిలి కలఁచినవి రెండు సంగతులు. బజారు తెఱచుటకు ముందే ఆ పాత ప్రోగ్రాము పేరుతో దోషమును సూచించు ఈమెయిళ్లు 97 వచ్చినవి, ఎవ్వరును బట్టించుకొనలేదు. రెండవది, తప్పెక్కడనో తెలియక తొట్రుపడి, సరిగానున్న ఏడు యంత్రములనుండియుఁ గ్రొత్త ప్రోగ్రామును దీసివేసిరి. దానితో రోగము ఎనిమిదింటికిని బ్రాఁకెను. అమెరికా ప్రభుత్వపు షేరుబజారు నియంత్రణసంస్థ 2013 అక్టోబరులో నిచ్చిన యుత్తరువులో, ఆ పనిని రెండవ మనుష్యుఁడు సరిచూడవలెనను వ్రాఁతనియమమే యా సంస్థలో లేకుండెనని పేర్కొని, 1 కోటి 20 లక్షల డాలర్ల జరిమానా విధించెను.

ఇది వినఁగా నాకు నా చిన్ననాఁటి గురుకులము జ్ఞప్తికి వచ్చినది. తాళపత్రప్రతులను సరిచూచుట మా గురువుగారు మాకు నేర్పిన మొదటి విద్య. ఒకఁడు చదువును, ఒకఁడు ప్రతిని జూచును. ఎనిమిది ప్రతు లున్నచో ఎనిమిదింటిని జూడవలసినదే. ఏడు చూచితిమి గదా యనుటకు వీలులేదు. బ్రౌనుదొర కడపలో బంగళా కొని, పండితులను గూర్చుండఁబెట్టి జీతములిచ్చి చేయించినది యీ పనియే గదా! లేఖకదోషము పండితుని ప్రతిలోఁ బడినచో నొక పద్యము చెడును. నైట్ కాపిటలులోఁ బడినది లేఖకదోషమే, చెడినది సంస్థ. మఱుసటి యేఁడే యది యింకొక సంస్థలోఁ గలిసిపోయెను.

చేతితోఁ జేసిన పనిని సరిచూచుట కష్టము, ఏలయనఁగాఁ జేసిన వెనుక దాని జాడ మిగులదు. వ్రాసి చేసినచోఁ బ్రతి నిలుచును. దానిని ముందుగాఁ జదువవచ్చును, నిన్నటిప్రతితోఁ బోల్చవచ్చును, దిద్దవచ్చును. ఈ రహస్యమును 1993లోనే ఓస్లో విశ్వవిద్యాలయమున నుండిన మార్క్ బర్జెస్ గ్రహించి సీఎఫ్ఇంజిన్ అను సాధనమును రచించెను. అందు యంత్రము చేయవలసిన పనులను వరుసగాఁ జెప్పుట కాదు. యంత్రము తుద కెట్లుండవలెనో వర్ణించుట. ఉన్న స్థితికిని ఉండవలసిన స్థితికిని గల యంతరమును సాధనమే కనిపెట్టి పూరించును. 2011లో అమెజాన్‌వారి క్లౌడ్‌ఫార్మేషన్, 2014లో టెరాఫార్మ్ ఈ మార్గమున వచ్చినవి. వీనికొఱకు వాడు భాషలు సంకుచితములు, పట్టికలవంటివి. 2018లో పులూమి, 2019లో అమెజాన్‌వారి సీడీకే వచ్చి, పైథాన్ మొదలగు సంపూర్ణ భాషలలోనే యా వర్ణనను వ్రాయ వీలు కల్పించినవి.

ఇచ్చట మా గురుశిష్యుల కభిప్రాయభేదము గలిగెను. పట్టికయే మేలని నేనంటిని. దానినిఁ జూచినవాఁ డెవ్వఁడైన నెన్ని యంత్రము లున్నవో వ్రేళ్లపై లెక్కింపఁగలఁడు. సంపూర్ణభాషలో 'ఇది యిన్నిమాఱులు చేయుము' అను ఆవృత్తి యుండును. అందు సంఖ్య తప్పెనా, పది యంత్రములకు మాఱు వేయి మేల్కొనును, బాడుగ వేయింటికిఁ గట్టవలెను. వాఁడు నవ్వి, "ఒకే మాట నూరు చోట్ల రాస్తే పాణిని ఒప్పుకుంటాడా మాస్టారూ? ఒక్క సూత్రంలో చెప్పిన పదం కింది సూత్రాలన్నిటికీ వర్తిస్తుందని అనువృత్తి పాఠం చెప్పింది మీరేగా" అనెను. నా యాయుధముతోనే నన్నుఁ గొట్టెను. నూఱు చోట్ల వ్రాసినచో తొంబదితొమ్మిది దిద్ది యొకటి మఱచుట తప్పదని, నైట్ కాపిటలు కథయే అందుకు సాక్షి యని వాని వాదము. సగ మొప్పుకొంటిని.

మిగిలిన సగమున కాధారము వేఱొక దినము. 2017 ఫిబ్రవరి 28, అమెరికా పసిఫిక్ తీరపు వేళ ఉదయము 9 గంటల 37 నిమిషములు. అమెజాన్‌వారి ఎస్3 విభాగములో నొక యుద్యోగి, అధికారము గలవాఁడే, విధానగ్రంథములో నున్నట్లే, బాడుగల లెక్క చూచు విభాగములోని కొలఁది సర్వరులను దొలగింప నొక ఆజ్ఞను వ్రాసెను. అందలి యొక పదము తప్పుపడెను. కొలఁది సర్వరులకు మాఱు పెక్కు సర్వరులు తొలగిపోయినవి. ఉత్తర వర్జీనియాలోని యా నిక్షేపశాల నాశ్రయించిన అసంఖ్యాక వెబ్‌సైటులు నిలిచిపోయినవి. మఱల సరియగునప్పటికి మధ్యాహ్నము 1 గంట 54 నిమిషములు. సేవలన్నియు సుఖముగా నున్నవా యని లోకమునకుఁ దెలుపు వారి సూచనఫలకము సయితము ఎస్3నే యాశ్రయించి యుండుటచేఁ జాలసేపు దానిని మార్ప వారికి శక్యము గాలేదు. ఇల్లు కాలుచుండఁగా గంట కొట్టువాఁడు ఆ యింటిలోనే చిక్కుకొన్నట్లు!

వేదాధ్యయనము చేసినవారికి త్వష్ట కథ తెలియును. ఇంద్రుని జంపఁగల కొడుకు కావలెనని యజ్ఞము చేసి, 'ఇంద్రశత్రు' శబ్దమున స్వరము తప్పి పలికెను. సమాసము మాఱి, ఇంద్రుఁడే చంపువాఁ డయ్యెను, వృత్రుఁడు చచ్చువాఁ డయ్యెను. మంత్రము వానిమాట విన్నది, మనసును వినలేదు. పలికినదానినే గాని తలఁచినదానిని వినకపోవుట ఏపీఐకిని స్వభావము.

అమెజాన్‌వా రా యుద్యోగిపై నెపము వేసి యూరకుండలేదు. తమ సాధనమునే మార్చిరి. సర్వరులను నెమ్మదిగా మాత్రమే తొలగించునట్లును, ఏ విభాగమునను నుండఁదగిన కనీససంఖ్యకుఁ దక్కువ గానీయనట్లును గట్టుదిట్టము చేసిరి. ఈ సంగతులను దామే వ్రాసి ప్రకటించిరి.

మా యరుగునకు మఱల వత్తము. చీఁకటిపడినది. బాడుగ పెరుగుచున్నదని శిష్యుఁడు తన రెండు యంత్రములను దీసివేయఁ బూనుకొనెను. ఆజ్ఞ వ్రాసెను. వెంటనే తెరపైఁ దొలగింపఁబడనున్నవాని పట్టిక కనఁబడి, క్రింద నిజముగాఁ దొలగింపవలెనా యను ప్రశ్న నిలిచెను. వాఁడు మీట నొక్కక లాప్‌టాపును నా వైపునకుఁ ద్రిప్పి, "మా కంపెనీలో రెండో మనిషి చూడందే నొక్కకూడదండి. ఇక్కడ మీరే ఉన్నారు. ఎన్నున్నాయో చదవండి మాస్టారూ" అనెను.

కళ్లద్దములు పెట్టుకొని, ఒక్కొక్క పేరును వ్రేలితోఁ దాఁకుచుఁ జదివితిని.

"రెండే" అంటిని. వాఁడు నొక్కెను.