ఎర్ర బురద

బాక్సైట్ నుంచి అల్యూమినా తీయగా మిగిలే పారిశ్రామిక వ్యర్థం. ముడి ఖనిజాన్ని పొడిచేసి, వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో ఉడికిస్తారు. అల్యూమినా కరిగి విడిపోతుంది. ఇనుప ఆక్సైడ్, సిలికా, టైటానియం ఎర్రటి ముద్దగా అడుగున మిగులుతాయి. టన్ను అల్యూమినాకు సుమారు 1 నుంచి 1.5 టన్నుల బురద వస్తుంది.

ఆరోగ్య ప్రమాదాలు: దీని పీహెచ్ సాధారణంగా 10 నుంచి 13. తడిబురద తగిలితే చర్మం కాలుతుంది, కళ్లు దెబ్బతింటాయి. ఎండిన ధూళి ఊపిరితిత్తులకు చేటు. నిల్వచెరువు అడుగు పటిష్ఠంగా లేకపోతే క్షారం, ఆర్సెనిక్, క్రోమియం వంటివి భూగర్భ జలాల్లోకి ఇంకే ప్రమాదముంది. 2010 అక్టోబరు 4న హంగరీలోని అయికాలో ఎర్ర బురద నిల్వచెరువు గట్టు తెగి 10 మంది మరణించారు.

తూర్పు కనుమల్లో: ఒడిశా కొరాపుట్ జిల్లా దామన్‌జోడిలో నాల్కో సంస్థ అల్యూమినా శుద్ధి కర్మాగారం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోని అరకు, అనంతగిరి కొండల్లోనూ బాక్సైట్ నిక్షేపాలున్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు సంస్థలకు గనుల లీజులు చెల్లవని సుప్రీంకోర్టు 1997లో సమత కేసులో తీర్పిచ్చింది. గిరిజనుల వ్యతిరేకతతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో బాక్సైట్ తవ్వకాల అనుమతులు రద్దుచేసింది. ఊటనీటిపై బతికే ఈ కొండల్లోని గిరిజన గూడేలకు ఆ రక్షణ ఎప్పటికీ నిలవాలి.